ఎద్దుబండి ఎక్కిన ఉపగ్రహం: యాపిల్‌ను ప్రయోగానికి ఎలా సిద్ధం చేశారు?

ఇస్రో ప్రయోగం ఏది జరిగినా వాట్సాప్ గ్రూపుల్లో ఒక పాత ఫొటో తిరగడం మొదలవుతుంది. ఎద్దుబండి, దాని మీద ఉపగ్రహం. కింద రాసే మాటలు మాత్రం గ్రూపుకొకటి. లారీకి కూడా డబ్బుల్లేని రోజుల్లో రాకెట్ దగ్గరికి ఇలా తోలుకెళ్లారని ఒకరు రాస్తారు. మనవాళ్ల తెలివికి ఇదే నిదర్శనమని ఇంకొకరు. ఆ బండి అసలు ఎందుకొచ్చింది, దానికి ముందూ వెనకా ఏ పనులు జరిగాయి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఆ సంగతులు తెలిస్తే ఫొటో చూసే చూపు మారిపోతుంది.

రెండు ఫొటోలను కలిపేయడంతో వచ్చిన గందరగోళం

ఇలాంటి ఫొటో ఇంకొకటి ఉంది. సైకిల్ క్యారియర్ మీద రాకెట్ ముక్కు భాగాన్ని పెట్టుకుని నడిపించుకెళ్తుంటారు. అది 1966లో కేరళలోని తుంబాలో ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే బ్రెసాన్ తీసింది. అక్కడ ఎగిరినవి చిన్న సౌండింగ్ రాకెట్లు. వాతావరణం పైపొరలను కొలిచి కిందికి పడిపోయేవి. అక్కడ సైకిల్ నిజంగానే రవాణాకి వాడారు.

ఎద్దుబండి ఫొటో బెంగళూరుది. బండి మీదున్నది యాపిల్, భారతదేశపు మొదటి ప్రయోగాత్మక కమ్యూనికేషన్ ఉపగ్రహం. అది 1981 జూన్ 19న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాలో, కూరూ కేంద్రం నుంచి ఏరియన్ రాకెట్ మీద వెళ్లింది. ఎద్దుబండి మీద రాకెట్ దగ్గరికి తీసుకెళ్లారన్న మాట ఇక్కడే తేలిపోతుంది. ఆ బండి పని రవాణా కానే కాదు. అది కొలతల కోసం వాడిన పీఠం.

యాపిల్ అంటే ఏమిటి, దానితో ఏం పని

యూరప్ దేశాలు ఏరియన్ అనే కొత్త రాకెట్ కడుతూ, పరీక్షా ప్రయోగాల్లో ఇతరుల ఉపగ్రహాలకు ఉచితంగా చోటిస్తామన్నాయి. రాకెట్ మీద ఇంకా నమ్మకం కుదరలేదు కాబట్టే ఛార్జీ లేదు. అది పేలితే ఉపగ్రహమూ దానితోనే పోతుంది. ఇస్రో ఒప్పుకుంది. ఏరియన్ ప్యాసింజర్ పేలోడ్ ఎక్స్‌పెరిమెంట్ అన్న పొడుగు పేరులోని మొదటి అక్షరాలు కలిపితే యాపిల్ అయింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ ఆర్.ఎం. వాసగం. సుమారు రెండేళ్లలో, బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలోని రేకుల షెడ్లలో తయారైంది.

అప్పటికి మనకు ఉపగ్రహంతో టీవీ కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ అనే ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలు ఉపగ్రహ టీవీ చూశాయి. కానీ ఆ ఉపగ్రహం అమెరికాది, ఏటీఎస్-6. ఆ తర్వాత వాడిన సింఫనీ ఫ్రాన్స్, జర్మనీలది. గడువు తీరగానే రెండూ వెనక్కి వెళ్లిపోయాయి. సొంతంగా ఒకటి కట్టి, భూమితో సమంగా తిరుగుతూ ఒకేచోట ఉన్నట్టు కనిపించే 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలబెట్టి, నడపగలమా అన్నది యాపిల్‌తో తేలాలి.

ఆకారం చెప్పాలంటే 1.2 మీటర్ల వ్యాసం, అంతే ఎత్తున్న డ్రమ్ము. ఇంధనంతో కలిపి బరువు సుమారు 670 కిలోలు. పక్కలకి మడిచిన రెండు సోలార్ ప్యానెళ్లు, అవి రెండూ తెరుచుకుంటే 210 వాట్ల కరెంటు. ఇప్పుడు వంటింట్లో తిరిగే మిక్సీకి దీనికి రెట్టింపుకి పైనే కావాలి. 6 గిగాహెర్ట్జ్‌లో వచ్చే సిగ్నల్‌ని అందుకుని, బలం పెంచి, 4 గిగాహెర్ట్జ్‌లో కిందికి పంపే ట్రాన్స్‌పాండర్లు రెండు. వాటికి 0.9 మీటర్ల డిష్.

డిష్ అంత చిన్నదేమిటని అనిపించవచ్చు. లెక్క వేసి చూద్దాం. 4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 7.5 సెంటీమీటర్లు. డిష్ నుంచి వచ్చే కిరణం వెడల్పు డిగ్రీల్లో కావాలంటే, తరంగం పొడవుని 70తో గుణించి డిష్ వ్యాసంతో భాగిస్తే సుమారుగా వస్తుంది. 70 × 0.075 ÷ 0.9 అంటే 5.8 డిగ్రీలు. సుమారు 3,000 కిలోమీటర్ల పొడవున్న మన దేశం 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి చూస్తే 4.8 డిగ్రీల్లో ఇమిడిపోతుంది. దేశమంతా కిరణంలో పడి, అంచున కాస్త మిగులుతుంది. డిష్ ఇంకా పెద్దదైతే కిరణం సన్నబడి దేశంలో కొంత భాగం బయట పడుతుంది. ఉన్న మిగులు కూడా తక్కువే కాబట్టి ఉపగ్రహం చూపు ఒక్క డిగ్రీ పక్కకి పోయిందంటే నేల మీద కిరణం 600 కిలోమీటర్లకు పైగా జరిగిపోతుంది.

బండి ఎందుకు కావలసి వచ్చింది

ఉపగ్రహానికి డిష్ కాకుండా ఇంకో యాంటెన్నా వ్యవస్థ ఉంటుంది. దాన్ని టీటీసీ అంటారు. ఉపగ్రహం ఆరోగ్యం కిందికి చెప్పడం, ఎంత దూరంలో ఉందో కొలవనివ్వడం, కింది నుంచి కమాండ్లు వినడం దాని పని. డిష్ చెడితే ప్రసారాలు పోతాయి, టీటీసీ చెడితే ఉపగ్రహమే పోయినట్టు. రాకెట్ నుంచి విడిపోయాక ఉపగ్రహం గిరగిరా తిరుగుతూ ఉంటుంది, ఏ క్షణాన ఏ ముఖం భూమి వైపు ఉంటుందో చెప్పలేం. కాబట్టి టీటీసీ యాంటెన్నా అన్ని వైపుల నుంచీ వినగలగాలి. వినపడని దిక్కు ఒకటి మిగిలినా, సరిగ్గా కమాండ్ పంపే వేళకి అదే భూమి వైపు తిరిగి ఉండొచ్చు.

ఏ దిక్కుకి ఎంత బలంగా పలుకుతుందో కొలవాలంటే యాంటెన్నాని విడిగా బల్ల మీద పెట్టి కొలిస్తే చాలదు. ఆ కాలపు ఉపగ్రహాలు టీటీసీకి ఎక్కువగా వాడిన వీహెచ్‌ఎఫ్ బ్యాండ్‌నే ఉదాహరణగా తీసుకోండి. 137 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 2.2 మీటర్లు. 1.2 మీటర్ల లోహపు డ్రమ్ము అంటే దాదాపు సగం తరంగం. అంత సైజున్న లోహం పక్కన ఉంటే అది కూడా యాంటెన్నాలో భాగమైపోతుంది, దాని మీద ప్రవాహాలు పుట్టి అదీ ప్రసరిస్తుంది. కాబట్టి ఉపగ్రహం మొత్తాన్నీ పెట్టి కొలవాలి.

ఎక్కడ పెట్టాలి? మామూలుగా ఇలాంటి పనికి గోడలనిండా నల్లటి నురుగు శంకువులు అంటించిన గది వాడతారు. ఆ శంకువులు రేడియో తరంగాన్ని పీల్చేసి ప్రతిధ్వని రాకుండా చేస్తాయి. కాకపోతే శంకువు పొడవు తరంగం పొడవుతో పోల్చదగ్గట్టు ఉండాలి. 6 గిగాహెర్ట్జ్‌కి, అంటే 5 సెంటీమీటర్ల తరంగానికి, అరచేతి పొడవు శంకువు సరిపోతుంది. రెండు మీటర్ల తరంగానికి శంకువులే మనిషెత్తు కావాలి, ఇక గది సంగతి చెప్పక్కర్లేదు. గది చాలనప్పుడు ఆరుబయట మైదానమే గతి.

మైదానానికి లారీ మీద తీసుకెళ్లి, లారీ మీదే ఉంచి కొలవచ్చు కదా? సమస్య అక్కడే ఉంది. యాంటెన్నాకి 1.1 మీటర్ల వెనక లారీ ఇనప రేకు ఉందనుకోండి. వెనక్కి వెళ్లిన తరంగం రేకుకి తగిలి తిరిగొచ్చేసరికి 2.2 మీటర్లు, సరిగ్గా ఒక తరంగం దూరం, అదనంగా ప్రయాణిస్తుంది. లోహం మీద పరావర్తనం చెందేటప్పుడు తలకిందులవుతుంది కూడా. కాబట్టి నేరుగా ముందుకి వెళ్లే తరంగానికి ఎదురై దాన్ని చంపేస్తుంది. మీటర్ ముల్లు అడుక్కి పడిపోతుంది. రేకుని 55 సెంటీమీటర్లకు దగ్గరగా జరపండి, ఇప్పుడు రెండూ జతపడి సిగ్నల్ ఎక్కువ బలంగా కనిపిస్తుంది. యాంటెన్నా మారలేదు, పవర్ మారలేదు, లారీ రెండడుగులు కూడా జరగలేదు, అయినా ఒకచోట చచ్చిన యాంటెన్నా ఇంకోచోట అద్భుతంగా పనిచేస్తున్నట్టు కనిపించింది. ఈ రెండు కొలతల్లో ఏదీ అంతరిక్షానికి వర్తించదు, ఎందుకంటే అక్కడ లారీ ఉండదు.

అందుకే లోహం లేని పీఠం కావాలి, ఎటు కావాలంటే అటు జరపగలిగేలా ఉండాలి, కొన్ని వందల కిలోల బరువు మోయాలి, ఇప్పుడే దొరకాలి. ఎద్దుబండి ఈ నాలుగింటికీ సరిపోయింది. బండికీ ఇరుసు, చక్రానికి తొడిగిన పట్టా లాంటి ఇనప భాగాలు ఉంటాయి కాబట్టి లోహం బొత్తిగా లేదనలేం. కానీ లారీ బాడీతో చూస్తే అవి సన్నటివి, ఉపగ్రహానికి బాగా కింద ఉండేవి. వాటి ప్రభావం కొలతను ముంచేంత ఉండదు.

డిష్‌కి కూడా షెడ్డు చాలదు. యాంటెన్నా కిరణం నిజమైన ఆకృతి కొంత దూరం వెళ్లాకే కుదురుకుంటుంది. ఆ దూరం వ్యాసం వర్గాన్ని రెట్టింపు చేసి తరంగం పొడవుతో భాగిస్తే వస్తుంది. 0.9 మీటర్ల డిష్‌కి 6 గిగాహెర్ట్జ్ దగ్గర 32 మీటర్లు.

నెత్తిన 700 కిలోలు పెట్టుకుని ప్రయాణం

ఉచిత టికెట్టుకి ఒక షరతు ఉంది. ఏరియన్‌లో యాపిల్ మధ్య సీటు ప్రయాణికురాలు. కింద రాకెట్ పనితీరు కొలిచే క్యాట్ అనే మాడ్యూల్, పైన యూరప్ వాతావరణ ఉపగ్రహం మీటియోశాట్-2. మీటియోశాట్ బరువు దాదాపు 700 కిలోలు. అది కూర్చున్నది యాపిల్ నెత్తిమీదే.

మామూలు ఉపగ్రహం తన బరువు తాను మోస్తే చాలు. యాపిల్ తనకంటే కాస్త బరువైన దాన్ని కూడా మోయాలి. రాకెట్ 5 జీ, అంటే భూమ్యాకర్షణకి ఐదు రెట్ల వేగవర్ధనంతో పైకి తోస్తోందనుకుంటే ఆ 700 కిలోలు 3,500 కిలోల బరువై నొక్కుతాయి. దానికి ఇంజన్ల అదురు తోడవుతుంది. మామూలుగా బరువు తగ్గించడం కోసం సన్నగా చేసే నిర్మాణాన్ని ఇక్కడ స్తంభంలా బలంగా చేయాల్సి వచ్చింది. అందుకు ఖర్చయిన ప్రతి కిలో ట్రాన్స్‌పాండర్లకీ, బ్యాటరీకీ, ఇంధనానికీ కోతే.

ఇలాంటి నిర్మాణాన్ని వైబ్రేషన్ టేబుల్ మీద పరీక్షించేటప్పుడు చూసేది విరిగిందా లేదా అని మాత్రమే కాదు. మొదట చిన్నగా అదిరించి, ఏ పౌనఃపున్యం దగ్గర నిర్మాణం ఎక్కువగా ఊగుతోందో రేఖగా గీసుకుంటారు. తర్వాత పూర్తి బలంతో అదిరిస్తారు. చివర్లో మళ్లీ చిన్నగా. మొదటి రేఖకీ చివరి రేఖకీ తేడా వస్తే, ఉదాహరణకి ఊగే పౌనఃపున్యం కొంచెం కిందికి జారితే, లోపల ఎక్కడో స్క్రూ వదులైందనో, అతుకు లేచిందనో అర్థం. కంటికి కనపడే పగులు ఒక్కటి కూడా ఉండకపోవచ్చు.

ఆర్పేయడానికి వీల్లేని మోటారు

ఏరియన్ ఉపగ్రహాన్ని 36,000 కిలోమీటర్ల ఎత్తున నేరుగా నిలబెట్టదు. కింద 200 కిలోమీటర్లు, పైన 36,000 కిలోమీటర్లు ఉండే సాగిన కక్ష్యలో వదిలేస్తుంది. పై కొనకి చేరినప్పుడు ఉపగ్రహం వేగం సెకనుకి 1.6 కిలోమీటర్లే. అక్కడ నిలవాలంటే 3.07 కావాలి. కక్ష్య వాలు సరిచేయడం కూడా కలిపితే సెకనుకి సుమారు 1.5 కిలోమీటర్ల వేగం ఉపగ్రహమే సంపాదించుకోవాలి. దానికి యాపిల్ కడుపులో ఘన ఇంధన మోటారు పెట్టారు. అది 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ నాలుగో దశ నుంచి వచ్చిన మోటారు.

మోటారు నుంచి వాయువు సెకనుకి 2.75 కిలోమీటర్ల వేగంతో బయటికి వస్తుందని అనుకుని రాకెట్ సమీకరణం వేస్తే, 670 కిలోల్లో దాదాపు 43 శాతం, అంటే సుమారు 290 కిలోలు, ఆ ఒక్క దహనానికే పోతాయి. నిమిషంలోపు అయిపోయే పనికి ఉపగ్రహంలో దాదాపు సగం.

ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే ఆపలేం, తగ్గించలేం. కాబట్టి తప్పుల లెక్కంతా ముందే చూసుకోవాలి. మోటారు బలం ఒక శాతం ఎక్కువో తక్కువో అయితే వేగంలో సెకనుకి 15 మీటర్ల తేడా వస్తుంది. దానివల్ల ఉపగ్రహం తన చోటు నుంచి రోజుకి 5 డిగ్రీల చొప్పున జారిపోతుంది. హైడ్రజీన్‌తో నడిచే థ్రస్టర్లతో, అంటే బుల్లి రాకెట్ ఇంజన్లతో, దీన్ని సరిచేయడానికి మూడు కిలోల లోపు ఇంధనం చాలు, అంత భయపడాల్సింది కాదు. దిశలో తప్పు ఇంకా ఖరీదైనది. ఒక డిగ్రీ పక్కకి చూస్తూ మోటారు అంటించారంటే 27 మీటర్ల వేగం పక్కదారి పడుతుంది.

ఇంకా పెద్ద చిక్కు తోపు రేఖ. మోటారు సగటున 20 కిలోన్యూటన్లతో తోస్తోంది, ఆ తోపు రేఖ ఉపగ్రహం గరిమనాభికి ఒక మిల్లీమీటరు పక్కగా పోతోంది అనుకుందాం. అప్పుడు పుట్టే మెలి 20 న్యూటన్ మీటర్లు. యాపిల్ అంత డ్రమ్ముని అది మూడు సెకన్లలో 35 డిగ్రీలకు పైగా తిప్పేస్తుంది. ఆ తర్వాత మోటారు ఎటు తోస్తుందో చెప్పలేం. మిల్లీమీటరు లోపు పొందిక ఎప్పటికీ గ్యారంటీగా కుదరదు కాబట్టి, మోటారు అంటించే ముందు ఉపగ్రహాన్ని బొంగరంలా తిప్పుతారు. తిరుగుతున్నప్పుడు ఆ మెలి ఒక చుట్టులో అన్ని దిక్కులకీ పంచుకుపోయి చాలా మటుకు చెల్లిపోతుంది.

తిరగాలంటే బరువు అక్షం చుట్టూ సమంగా ఉండాలి. అందుకని నేల మీదే ఉపగ్రహాన్ని యంత్రం మీద తిప్పి చూసి, వణుకు ఎటు వస్తోందో చూసి, ఎదురు వైపున చిన్న చిన్న బరువులు బిగిస్తారు. ఇది చివర్లో చేసే పని. దీని తర్వాత ఒక కేబుల్ మార్గం మార్చినా, ఒక పెట్టెని పక్కకి జరిపినా మళ్లీ మొదటికొస్తుంది.

చోటుకి చేరాక కథ పూర్తిగా మారుతుంది. డిష్ ఎప్పుడూ భారతదేశం వైపే చూడాలి కాబట్టి తిరగడం ఆపి, లోపల వేగంగా తిరిగే మొమెంటమ్ వీల్ అనే చక్రంతో ఉపగ్రహాన్ని మూడు అక్షాల్లోనూ నిలబెట్టాలి. ఇస్రో అంతకు ముందు ఈ పని ఆ ఎత్తులో, అంటే భూస్థిర కక్ష్యలో, ఎప్పుడూ చేయలేదు. తిరిగే ఉపగ్రహాన్ని ఆపడం, ప్యానెళ్లు విప్పడం, భూమిని వెతికి పట్టుకోవడం, ఇవి ఒకదాని వెంట ఒకటి వరసగా జరగాలి.

గాలి లేని చోట వేడి, కరెంటు చేసే అల్లరి

గాలి తీసేసి వేడి, చలి కల్పించే థర్మల్ వాక్యూమ్ ఛాంబర్ పరీక్ష గురించి క్లుప్తంగానే చెప్పవచ్చు. గాలి లేకపోతే ఫ్యాన్ పనిచేయదు, వేడి లోహం గుండా ప్రవహించి బయటి ముఖాల నుంచి వికిరణంగా మాత్రమే పోవాలి. నేల మీద గాలి చాటున దాక్కున్న లోపాలన్నీ ఛాంబర్‌లో బయటపడతాయి. ఒక లోపం మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. హైవోల్టేజ్ భాగాలకు పూర్తి గాలి ఉన్నా ఫర్వాలేదు, పూర్తి శూన్యం ఉన్నా ఫర్వాలేదు. మధ్యలో, పలచటి గాలి ఉన్నప్పుడు నిప్పురవ్వలు లేస్తాయి. ప్లాస్టిక్, జిగుర్ల నుంచి వెలువడే ఆవిరి పెట్టెల్లో చిక్కుకుంటే కక్ష్యలో కూడా కొన్నాళ్లు ఆ మధ్య స్థితి ఉంటుంది. అందుకే అలాంటి భాగాల్ని వెళ్లగానే ఆన్ చేయరు, ఆవిరి పూర్తిగా పోయేదాకా ఆగుతారు.

నేల మీద దొరకని తప్పు

ఏరియన్ మొదటి ప్రయోగం 1979 డిసెంబరులో నెగ్గింది. రెండోది 1980 మే 23న, మొదటి దశ ఇంజన్లో దహనం అదుపు తప్పి, సముద్రంలో పడింది. యాపిల్ ఎక్కింది మూడోది. రాకెట్ తన పని చేసింది, మోటారు తన పని చేసింది, ఉపగ్రహం 102 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలబడింది. రెండు సోలార్ ప్యానెళ్లలో ఒకటి మాత్రం తెరుచుకోలేదు.

సగం కరెంటు పోవడం కనపడే నష్టం. మడత విప్పని ప్యానెల్ ఆ ముఖానికి అడ్డుగా ఉండిపోవడంతో అటు నుంచి వేడి బయటికి పోయే దారి మూసుకుపోవడం రెండో నష్టం. అయినా రెండేళ్లకు పైగా, 1983 సెప్టెంబరు 19న ఆపేదాకా, టీవీ, రేడియో నెట్‌వర్కింగ్, డేటా ప్రయోగాలకు దాన్ని వాడుకున్నారు.

ప్యానెల్ విప్పడాన్ని నేల మీద పరీక్షించరా? పరీక్షిస్తారు. కానీ కీలు స్ప్రింగులు బరువు లేని చోట తెరవడానికి సరిపోయేంత మెత్తగా ఉంటాయి, భూమి మీద అవి ప్యానెల్ బరువు ఎత్తలేవు. కాబట్టి ప్యానెల్‌ని పైనున్న పట్టాల నుంచి వేలాడదీసి విప్పుతారు. అప్పుడు పట్టాల రాపిడి లెక్కలోకి వస్తుంది. వేలాడే తీగ ప్యానెల్‌ని కొంచెం లాగి సాయం చేయవచ్చు, లేదా అడ్డుపడవచ్చు. పైగా నిజమైన విప్పడం రాకెట్ అదురు తిన్నాక, శూన్యంలో, ఒక వైపు ఎండ ఒక వైపు నీడ పడుతుండగా జరుగుతుంది. ఈ పరిస్థితులన్నీ ఒకేసారి కల్పించే పరీక్ష నేల మీద లేదు.

ఎద్దుబండి దేనికి గుర్తు?

ఒక వాదన ఇది: పీణ్యా షెడ్లూ ఎద్దుబండీ వనరుల కొరతకి సాక్ష్యాలు, దాన్ని రొమాంటిక్‌గా చూడకూడదు. చెక్క టవర్లు, ప్లాస్టిక్ నురుగు స్తంభాలతో శాశ్వత యాంటెన్నా మైదానాలు ఉన్న దేశాల్లో ఇంజనీర్లకు బండి వెతుక్కునే అవసరం రాదు. ఇందులో నిజం ఉంది. రెండో వాదన: ఆ దేశాల చెక్క టవరూ, మన బండీ ఒకే భౌతికశాస్త్ర నియమానికి రెండు జవాబులు, కొలత సరిగ్గా వచ్చిందా లేదా అన్నదే ముఖ్యం. ఇందులోనూ నిజం ఉంది. నా మటుకు రెండోదే కొంచెం బరువైన వాదన అనిపిస్తుంది, ఎందుకంటే యాపిల్ యాంటెన్నాలు కక్ష్యలో పనిచేశాయి. కాకపోతే ప్రతిసారీ బండి వెతుక్కునే సంస్థకి ఏడాదికో ఉపగ్రహం కట్టడం కుదరదు, మొదటి వాదన బలం అక్కడుంది.

తెరుచుకోని ప్యానెల్‌ని మొదటి వాదన వాళ్లు తమ వైపు సాక్ష్యంగా చూపిస్తారు. షెడ్డులో కడితే ఇంతే అంటారు. అదే కాలంలో భారత్ అమెరికా కంపెనీ ఫోర్డ్ ఏరోస్పేస్ దగ్గర డబ్బు పెట్టి కొన్న ఉపగ్రహాల సంగతి కూడా పక్కన పెట్టి చూడాలి. 1982 ఏప్రిల్‌లో వెళ్లిన ఇన్‌శాట్-1ఎ అదే ఏడాది సెప్టెంబరులో మూలపడింది. 1983 ఆగస్టు 30న అమెరికా షటిల్ మీద వెళ్లిన ఇన్‌శాట్-1బీ సోలార్ ప్యానెల్ కూడా మొదట తెరుచుకోలేదు. దాన్ని విప్పేసరికి సెప్టెంబరు మధ్య వచ్చింది.